అంగన్‌వాడీల డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది, ఆటిజం పరీక్షకు ముందు ఎక్కడికి పోవాలె?

చింటూ వాళ్లమ్మ:

అందరికీ నమస్తే. ఇన్ని రోజులు చదువుడే గాని రాసుడు లేదు. మాది జగిత్యాల దగ్గర ఒక ఊరు. బాబుకు సంక్రాంతికి మూడేండ్లు నిండినయ్. మా ఆయన దుబాయిల ఉంటడు. ఇంట్ల నేను, అత్తమ్మ, మామ ఉంటం.

పోయిన వారం మా అంగన్‌వాడీకి ఆర్బీఎస్‌కే బండి (పిల్లల ఆరోగ్యం చూసే సర్కారు డాక్టర్ల బండి) వచ్చింది. పిల్లల బరువు, ఎత్తు, కండ్లు, పండ్లు అన్నీ చూసిన్రు. మా వాని వంతు రాంగనే డాక్టరమ్మ పేరు పెట్టి పిలిచింది, వాడు చూడలే. మళ్ల పిలిచింది, చూడలే. గప్పుడే టీచర్ ఫోన్ మోగింది, ఆ పాటకు మాత్రం గిర్రున తిరిగిండు. తర్వాత ఆమె బంతి దొర్లిచ్చింది. వాడు దాన్ని ముట్టలే. మూలకున్న బొమ్మ ట్రాక్టర్‌ను బోర్లేసి చక్రం తిప్పుకుంట కూసున్నడు. నన్ను కొన్ని అడిగింది. ఏమన్న కావాల్నంటే వేలు పెట్టి చూపెడతడా, ఆడుకునేది తెచ్చి నీకు చూపెట్టి సంబురపడతడా, తోటి పిల్లల దగ్గరికి పోతడా అని. ఉన్నది ఉన్నట్టు చెప్పిన. నీళ్లు కావాలంటే నా చెయ్యి పట్టి గుంజుకపోయి బిందె మీద పెడతడు, వేలు చూపెట్టడు. టీవీల వచ్చే సబ్బు యాడ్ రాగం తప్పకుండ మొత్తం అంటడు గాని, "అమ్మా, బువ్వ" అనడు. పెరుగన్నం తప్ప వేరేది నోట్ల పెట్టనియ్యడు. పెండ్లిల డీజే మోగితే చెవులు మూసుకొని ఒకటే ఏడుపు.

ఆమె మంచిగనే మాట్లాడింది. "నేను రోగం పేరు రాస్తలేనమ్మా, అనుమానం రాస్తున్న, అక్కడ చూసి చెప్తరు" అని చీటీ ఇచ్చింది. దాని మీద జిల్లా ఆసుపత్రి, డీఈఐసీ అని ఉన్నది.

ఇంటికొచ్చినంక లొల్లి. "వాళ్ల నాయిన గూడ నాలుగేండ్లకు మాట్లాడిండు, మగపిల్లలు నిమ్మలంగనే మాట్లాడతరు" అంటది అత్తమ్మ. వస పోసుడు గూడ అయింది. మా ఆయన అక్కడికెంచి స్టెమ్ సెల్ (మూలకణాల) వైద్యం వీడియోలు పంపుతుండు, లక్షలల్ల అయితదట. మా ఆడబిడ్డ భర్త పట్నంల ఒక ప్రైవేట్ సెంటర్‌కు ఫోన్ చేసి అడిగిండు. పరీక్షకు ఒక రేటు, నెలనెలా థెరపీకి ఇంకో రేటు చెప్పిన్రు. వింటెనే కండ్లు తిరిగినయ్.

ఈ చీటీ పట్టుకొని జిల్లా ఆసుపత్రికి పోతే అక్కడనే తేలుతదా, లేకపోతే సీదా సికింద్రాబాద్ పోవాల్నా? ఏం కాయిదాలు పట్టుకపోవాలె? "ఒక్కసారి రాసిన్రంటే పిలగానికి జిందగీ అంత ముద్ర పడుతది" అని మామ బయపెడుతుండు, గది నిజమా? తెలిసినోళ్లు జర చెప్పున్రి.

గోదారి గట్టు:

చెల్లెమ్మా, కంగారు పడకు. ఈ రోజుల్లో మూడేళ్లకే ఆటిజం గీటిజం అని చీటీలు రాసేస్తున్నారు. మా మేనల్లుడు అయిదేళ్లొచ్చేదాకా నోరు విప్పలేదు, ఇప్పుడు ఆడి నోరు మూయించలేక చస్తున్నాం. ఫోనూ టీవీ కట్టేసి, నలుగురు పిల్లల్లో వదిలి ఓ ఆరు నెలలు చూడండి. అదే సర్దుకుంటుంది.

ఇందూరు నాన్న:

పైన రాసిన అన్నా, మీ మేనల్లుడు మాట్లాడకపోయినా పిలిస్తే చూసేవాడు కదా? చందమామను వేలితో చూపించేవాడు కదా? అట్లయితే వాడికి ఆలస్యమైంది మాట ఒక్కటే. ఈ చెల్లె రాసిన దాంట్లో మాట సంగతి చివరన వచ్చింది. పేరు పిలిస్తే చూడడు, వేలు చూపెట్టడు, మన చెయ్యిని పనిముట్టులాగ వాడుకుంటడు. ఈ మూడు కలిసి ఉన్నప్పుడు ఆరు నెలలు కూర్చొని చూద్దామనడం సలహా కాదు. ఫోన్ బంద్ చెయ్యాల్సిందే, ఎవరూ కాదనరు. కాని ఫోన్ బంద్ చేసుకుంటనే ఆసుపత్రికి పోవచ్చు కదా, ఒకటి అయినంకనే ఇంకొకటి అని ఎక్కడా లేదు.

చెల్లె, మాది నిజామాబాద్. నా బిడ్డకు ఇప్పుడు ఏడేండ్లు. మాకు గూడ మొదలు ఆర్బీఎస్‌కే చీటీతోనే అయింది. ఈ ప్రోగ్రాం 2013లో పెట్టిన్రు. పుట్టుకతో వచ్చే లోపాలు, పోషకాల లోపాలు, జబ్బులు, ఎదుగుదల ఆలస్యాలు, ఈ నాలుగు రకాల కింద 30 సమస్యలను వాళ్లు వెతుకుతరు. ఆటిజం, ఏడీహెచ్‌డీ (కుదురు, ధ్యాస నిలవని సమస్య) రెండూ ఆ లిస్టులనే ఉన్నయ్. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి రావాలె. బండిల వచ్చే డాక్టర్లు ఆయుష్ వాళ్లు, ఆయుర్వేదమో హోమియోనో చదివినోళ్లు. "వాళ్లకేం తెలుసు" అని మా బంధువులు గూడ అన్నరు. వాళ్ల పని రోగం తేల్చుడు కాదు, ఏరి పైకి పంపుడు. నీకు రాసిచ్చిన డాక్టరమ్మ ఆ పని మంచిగ చేసింది. ఆ టీం ఫోన్ నంబర్ అడిగి రాసి పెట్టుకో, తర్వాత అక్కరకొస్తది.

డీఈఐసీ అంటే పిల్లల ఎదుగుదల సమస్యలను తొందరగ పట్టి చూసే జిల్లా సెంటర్, మా దిక్కు డైస్ సెంటర్ అంటరు. జిల్లా పెద్దాసుపత్రిల పిల్లల వార్డుకు దగ్గర్ల ఉంటది. పిల్లల డాక్టర్, సైకాలజిస్ట్, స్పీచ్ థెరపిస్ట్, ఫిజియోథెరపిస్ట్, స్పెషల్ ఎడ్యుకేటర్ ఒక్క కప్పు కింద ఉండాలన్నది దాని ఉద్దేశం. ఉండాలన్నా అన్నిచోట్లా అందరూ ఉండరు, ఏదో ఒక కుర్చీ ఖాళీగ ఉంటది. మేం పోయిన కాలంల సైకాలజిస్ట్ పోస్టు ఖాళీ. అందుకే పోయేముందు ఆర్బీఎస్‌కే టీంకు ఫోన్ చేసి "సైకాలజిస్ట్ ఏ రోజు ఉంటరు" అని అడుగు. ఉత్తగ పోయి ఓపీ చీటీ రాయించుకొని వాపస్ వచ్చే బాధ తప్పుతది.

కాయిదాలు: బాబు ఆధార్, పుట్టిన సర్టిఫికెట్, రేషన్ కార్డు జిరాక్సు, ఆ రిఫరల్ చీటీ (జిరాక్సు తీసి అసలుది నీ దగ్గరే ఉంచుకో), ఇంకా ఎంసీపీ కార్డు. నువ్వు కడుపుతో ఉన్నప్పుడు అంగన్‌వాడీల ఇచ్చిన తల్లీబిడ్డ కార్డు ఉంటది చూడు, గదే. పుట్టినప్పుడు బరువెంత, ఏడ్చిండా లేదా, నెలలు నిండినయా, ఏ నెలల మెడ నిలిపిండు, ఏ నెలల నడిచిండు, అన్నీ అడుగుతరు. కార్డు లేకపోతే యాదికి తెచ్చుకొని తెల్ల కాయితం మీద రాసుకపో.

అన్నింటికన్నా ముందు ఫోన్ల చిన్న చిన్న వీడియోలు తీసి పెట్టుకో. వాడు చక్రం తిప్పేటిది, నీ చెయ్యి బిందె మీద పెట్టేటిది, మీరు పిలిస్తే చూడకపోయేటిది. ఆసుపత్రిల కొత్త మొహాలు చూసి పిలగాడు బిర్ర బిగుసుకుంటడు, లేకపోతే నీ ఒళ్లోనే నిద్రపోతడు. అప్పుడు ఆ వీడియోలే నీ తరఫున మాట్లాడతయ్.

మొదటి రోజే "ఆటిజం ఉంది, లేదు" అని ఎవరూ చెప్పరు. ముందు చెవి పరీక్ష రాస్తరు. ఫోన్ పాటకు తిరిగిండు గనుక వినపడుతుందని నువ్వు అనుకుంటవు. వాళ్లకు కాయితం మీద కావాలె. బేరా అంటరు, తలకు చిన్న వైర్లు అతికిచ్చి చెవిల టిక్కుటిక్కు శబ్దం పెడతరు. పిలగాడు నిద్రపోతేనే అయితది. నిద్ర మందు తాగిస్తరు గాని, పొద్దున ఆరామ్‌గ పడుకొని లేచిన పోరనికి ఆ మందు ఎక్కదు. మేం బిడ్డను తెల్లారుజామున మూడింటికే లేపినం. బస్సుల కన్ను మూతపడకుండ కిటికీ దిక్కు నిలబెట్టి, చక్కిలిగింతలు పెట్టుకుంట, పాటలు పాడుకుంట తీసుకపోయినం. పక్క సీటు ముసలామె "పసిదాన్ని ఎందుకు సతాయిస్తున్నరయ్యా" అని మస్తు తిట్టింది. పరీక్ష గదిల మాత్రం మందు తాగిన ఇరవై నిమిషాలకు పడుకుంది. మా ముందు పోయిన పిలగానికి నిద్ర పట్టక వేరే తేదీ ఇచ్చిన్రు.

చెవులు బాగున్నయ్ అని తేలినంక సైకాలజిస్ట్ చూస్తరు. కింద చాప మీద కూర్చొని బుడగలు ఊదుతరు, బొమ్మకు అన్నం తినిపించమంటరు, కారు దాచిపెట్టి వెతుక్కుంటడా చూస్తరు. సగం పరీక్ష మనకే. గ్లాసు తానే పట్టుకొని తాగుతడా, చెప్పులు విడుస్తడా, తినేది ఏదో తినకూడనిది ఏదో తెలుస్తదా అని వరుసగ అడుగుతరు. అత్తమ్మను తీసుకపోతే మంచిదే గాని ఒక మాట ముందే చెప్పు. నాయినమ్మలు మనుమని మీది పావురంతోని "అన్నీ చేస్తడు సారూ" అంటరు. వాడు ఒంటరిగ, ఎవరూ చెయ్యి పెట్టకుండ ఏం చేస్తడో అదే చెప్పాలె. చివరికి రిపోర్టుల డీక్యూ (ఎదుగుదల లెక్క), ఎస్‌క్యూ (నలుగురితో మెలిగే, సొంత పనుల లెక్క) అని నంబర్లు వస్తయ్. మూడేండ్లప్పటి నంబర్ చూసి గుండె జార్చుకోకు, ఈ వయసుల అవి మారుతయ్. మా బిడ్డవి మారినయ్.

సికింద్రాబాద్ సంగతి. నువ్వు విన్నది బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌ల ఉన్న ఎన్ఐఈపీఐడీ అయ్యుంటది, బుద్ధి ఎదుగుదల సమస్యలున్నోళ్ల కోసం పెట్టిన సంస్థ. కేంద్ర ప్రభుత్వానిది, 1984 నుంచి ఉంది, పాతోళ్లు ఇప్పటికీ ఎన్ఐఎంహెచ్ అనే అంటరు. 2021లో ఆరేండ్లలోపు పిల్లల కోసం అక్కడ వేరేగ ఒక సెంటర్ తెరిచిన్రు. చీటీ లేకపోయినా సీదా పోయి ఓపీల పేరు రాయించుకోవచ్చు, రేషన్ కార్డు ఉంటే ఫీజు తగ్గుతది. జగిత్యాల నుంచి సికింద్రాబాద్ జేబీఎస్ బస్టాండ్‌కు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఆధార్ చూపెట్టి నువ్వు, అత్తమ్మ పైసా లేకుండ పోవచ్చు (నాకే టికెట్, మా ఇంటామె ఇప్పటికీ ఎక్కిరిస్తది). జేబీఎస్ నుంచి ఆటోల దగ్గరే. పొద్దున్నే పోవాలె, లైన్ ఉంటది.

నా మాటగ అయితే రెండూ చెయ్యి. ముందు జిల్లాల చూపెట్టి చెవి పరీక్ష అక్కడే అయిపోగొట్టు, ఆ రిపోర్టు పట్టుకొని సికింద్రాబాద్ పో. కాని ఈ రెండింటి మధ్య వారాలో నెలలో పోతయ్, అప్పటిదాంక ఖాళీగ ఉండకు. థెరపీ మొదలుపెట్టడానికి ఆటిజం అని రాసిన కాయితం అక్కర్లేదు. "రిపోర్టు వచ్చేలోపు ఇంట్ల ఏం చెయ్యాలె" అని స్పీచ్ థెరపిస్ట్‌ను మొదటి రోజే అడుగు. మాకు చెప్పిన్రు: నీళ్లు బిడ్డకు కనపడేటట్టు, అందనంత ఎత్తుల పెట్టున్రి, చెయ్యి గుంజితే వెంటనే ఇయ్యకున్రి, ఆమె కండ్ల ముందు కూర్చొని "నీళ్లు" అని, ఆమె వేలు పట్టి చూపించి, అప్పుడు ఇయ్యున్రి అని. వినడానికి ఏముంది ఇందుల అనిపిస్తది. రోజంతా, ఇంట్ల అందరూ ఒకటే తీరుగ చేస్తే తెలుస్తది.

స్టెమ్ సెల్ గురించి మీ ఆయనకు ఈ ఒక్క ముక్క పంపు. ఆటిజంకు స్టెమ్ సెల్ చికిత్సను సిఫారసు చెయ్యమని, అట్ల చెయ్యడం వృత్తి తప్పిదం కిందికి వస్తదని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది. లక్షలు జమ చెయ్యాలనుకుంటే ఒక ఏడాది ఇంటికొచ్చి కొడుకుతోని ఉండమను. అది కుదరదని నాకూ తెలుసు, ఊరికే అంటున్న.

చింటూ వాళ్లమ్మ:

అన్నా, చదువుకుంట ఏడ్చిన. అత్తమ్మకు గూడ చదివి వినిపిచ్చిన, నాయినమ్మల ముచ్చట కాడ నవ్వింది. ఆర్బీఎస్‌కే సిస్టర్‌కు ఫోన్ చేసిన, సోమవారం రమ్మన్నది. ఇంకో ముచ్చట. మా ఊరి సెక్రటరీ "ముందు సదరం సర్టిఫికెట్ తీసుకో, లేకపోతే ఏదీ కాదు" అంటుండు. మామ బయపడేది గూడ దానికే. ఈ పరీక్షల కాయిదం, సదరం కాయిదం ఒకటేనా?

భవిత టీచర్:

నేను పెద్దపల్లి జిల్లాలో భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సర్కారు నడిపే సెంటర్) ఐఈఆర్పీని, అంటే ఆ పిల్లలకు నేర్పే టీచర్‌ని. ఈ ప్రశ్న మా దగ్గరికి వచ్చే ప్రతి అమ్మా అడుగుతుంది, కాబట్టి కొంచెం విడమరిచి చెప్తాను.

రెండూ ఒకటి కాదు. డైస్‌లో గాని సికింద్రాబాద్‌లో గాని చేసేది పిల్లవాడికి ఏం కావాలో తెలుసుకునే పరీక్ష. ఆ రిపోర్టు మీది, మీ ఫైల్‌లో ఉంటుంది. మీరు చూపిస్తే తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు. సదరం అని జనం అనేది వైకల్య ధ్రువపత్రం. అది మీరు దరఖాస్తు పెడితేనే వస్తుంది, పెట్టకపోతే ఎవరూ బలవంతంగా ఇవ్వరు. మామయ్యగారికి ఈ మాట చెప్పండి. 2024లో రూల్స్ మారాక దరఖాస్తు యూడీఐడీ పోర్టల్‌లో (వైకల్య కార్డుల ఆన్‌లైన్ సైట్) పెట్టాలి, మీసేవలో చేయిస్తారు. తేదీ ఇచ్చాక మెడికల్ బోర్డు ముందుకు పిల్లవాడిని తీసుకెళ్లాలి.

ఆటిజం 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఉంది. బోర్డు వాడే స్కేలును ఐసా అంటారు. అందులో 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు మార్కులు. కళ్లలోకి చూస్తాడా, తనలో తాను నవ్వుకుంటాడా, అన్న మాటే మళ్లీ మళ్లీ అంటాడా, నొప్పి తెలుస్తుందా, ఇట్లాంటివి. మొత్తం 70 కన్నా తక్కువ వస్తే ఆటిజం కింద లెక్క కాదు. పింఛను లాంటివాటికి 40 శాతం ఉండాలి. మన రాష్ట్రంలో ఆ పింఛను 4,016 రూపాయలు. సర్టిఫికెట్ వచ్చాక నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ బీమా కూడా తీసుకోండి, ఏడాదికి లక్ష రూపాయల దాకా ఉంటుంది, ఓపీ ఖర్చులు, థెరపీ కూడా అందులో వస్తాయి. దీని గురించి మా ఆఫీసుల్లోనే చాలామందికి తెలియదు, మీరే అడగాలి.

కాని తొందర లేదమ్మా. మూడేళ్ల పిల్లవాడికి సర్టిఫికెట్ ఇచ్చినా కొన్నేళ్లకే ఇస్తారు, మళ్లీ చూస్తారు. పరీక్ష, చెవి రిపోర్టు, థెరపీ ముందు నడవనివ్వండి. బోర్డు ముందు కూడా ఆ రిపోర్టులే మీకు బలం. సర్టిఫికెట్ లేకపోతే ఏదీ కాదన్న మాట తప్పు. మా భవితకు రావడానికి సర్టిఫికెట్ అడగం. మీ మండలంలో భవిత ఎక్కడుందో ఎంఈఓ ఆఫీసులో అడిగి, బాబు పేరు ఇప్పుడే రాయించండి. వారానికొకసారి ఫిజియో వస్తారు, మిగతా రోజులు మేముంటాం. మా దగ్గర స్పీచ్ థెరపిస్ట్ ఉండరు, ఆ మాట దాచను. సికింద్రాబాద్‌లో చెప్పింది రాయించుకొని తెస్తే దాన్ని ఇక్కడ రోజూ చేయిస్తాం.

ఇంకొకటి. అంగన్‌వాడీ మాన్పించకండి. రిఫరల్ చీటీ రాగానే చాలామంది అమ్మలు సిగ్గుతోనో భయంతోనో పిల్లవాడిని ఇంట్లో పెట్టుకుంటారు. పదిమంది పిల్లలు, రోజూ ఒకే వేళకు పాట, ఒకే వేళకు గుడ్డు, ఇంతకంటే మంచి చోటు మీ ఊళ్లో వాడికి దొరకదు.

ఒంగోలు గిత్త:

మేడం గారూ, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మావాడికి ఎనిమిదేళ్లు, సర్కారు బళ్లోనే మూడో తరగతి. ఒక్క క్షణం కుదురుండడు, పలక బలపాల నుంచి చెప్పుల దాకా రోజూ ఏదో ఒకటి పారేసుకుంటాడు. లెక్క నోటితో టకటకా చెప్తాడు, రాయమంటే సగంలో వదిలేస్తాడు. "ఏడీహెచ్‌డీ ఏమో చూపించండి" అన్నారు వాళ్ల పంతులు గారు. ఇంట్లో నేనైతే గట్టిగా రెండు తగిలిస్తే కూర్చుంటాడు అంటాను, మా ఆవిడ ఒప్పుకోదు. దీనిక్కూడా ఇదే దారా?

స్టాఫ్ నర్సు, గుంటూరు వైపు:

అన్నా, ఆవిడ మాట వినండి. తగిలిస్తే కూర్చునేది భయంతో, అదీ పది నిమిషాలు.

దారి కొంచెం వేరు. బడికి ఏడాదికోసారి ఆర్బీఎస్‌కే టీం వస్తుంది, హెడ్మాస్టరుతో చెప్పి వాళ్లతో చీటీ రాయించండి. వాళ్లొచ్చే దాకా ఆగలేకపోతే జిల్లా ఆసుపత్రిలోనో మెడికల్ కాలేజీ ఆసుపత్రిలోనో సైకియాట్రీ ఓపీకి నేరుగా వెళ్లొచ్చు. బోర్డు మీద సైకియాట్రీ అని చూసి వెనక్కి తిరిగేవాళ్లను రోజూ చూస్తుంటాను. పిల్లల్ని చూసే ఓపీ కూడా అదే. వెళ్లే ముందు ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే టెలీమానస్ (మానసిక ఆరోగ్యానికి సర్కారు ఫోన్ లైన్) 14416, తెలుగులోనే మాట్లాడతారు.

పంతులు గారితో ఒక పేజీ రాయించుకెళ్లండి, ఇది ముఖ్యం. ఇంట్లో ఒక్కచోటే అల్లరి, బళ్లో బుద్ధిగా ఉంటే డాక్టరు ఏడీహెచ్‌డీ అనరు. కనీసం రెండు చోట్ల కనపడాలి, పన్నెండేళ్లలోపే మొదలై ఉండాలి. "అల్లరి చేస్తాడు" అని రాస్తే పనికిరాదు. నోటితో చెప్తాడు, రాయలేడు అన్నారే, అలాంటివి రాయించండి. నాకైతే ఆ మాట దగ్గరే అనుమానం, చదువులో లోపం కూడా ఉందేమో చూడమని అడగండి. రెండూ కలిసి ఉండటం మామూలే. పైగా ఆ లోపం, అంటే స్పెసిఫిక్ లెర్నింగ్ డిజెబిలిటీ, మేడం చెప్పిన ఆ 21 వైకల్యాల్లో ఉంది, ఎనిమిదేళ్ల నుంచి పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇస్తారు. ఏడీహెచ్‌డీ ఒక్కటే ఉంటే ఆ లిస్టులో లేదు, దాని మీద సర్టిఫికెట్ రాదు. అది తెలియక మీసేవ చుట్టూ తిరిగి అలిసిపోయిన వాళ్లున్నారు. కళ్లూ చెవులూ కూడా చూపించండి. బోర్డు కనపడని పిల్లాడు కూడా కుదురుగా కూర్చోడు. మందు రాస్తే భయపడొద్దు. బరువు, ఎత్తు, బీపీ, నాడి చూస్తూ ఇచ్చే మందు అది, చీటీ లేకుండా ఏ షాపులోనూ ఇవ్వకూడదు. మీకై మీరు ఆపనూ వద్దు, పెంచనూ వద్దు.

గోదారి గట్టు:

నేను రాసింది మా ఇంటి సంగతి చూసి రాశాను. మీరంతా ఇంత వివరంగా చెప్పాక ఇంకేం అంటాను. చెల్లెమ్మా, వెళ్లి చూపించు. మా మేనల్లుడు వేలు పెట్టి చూపించేవాడా అని మా అక్కని అడిగాను, "వాడి వేలికి విశ్రాంతి ఉండేది కాదురా" అంది.

చింటూ వాళ్లమ్మ:

సోమవారం పోయొచ్చినం. డైస్‌ల పిల్లల డాక్టర్ చూసిండు, స్పీచ్ మేడం గూడ ఉన్నది. చీటీ చూసి "ఈ వయసుల తెచ్చిన్రు, మంచిగైంది" అన్నది. వీడియోలు మస్తు పనికొచ్చినయ్, అక్కడ వీడు టేబుల్ కింద దూరి బయటికే రాలే. బేరాకు వచ్చే శుక్రవారం తేదీ ఇచ్చిన్రు. సైకాలజిస్ట్ మాత్రం నెలకు కొన్ని రోజులే వస్తరట, అందుకే బేరా రిపోర్టు రాంగనే సికింద్రాబాద్ పోదామని అనుకుంటున్నం. భవితల పేరు రాయించిన. సదరం ఇప్పుడు వద్దని మామకు చెప్తే నిమ్మలమైండు. మా ఆయన వీడియోలు పంపుడు బంద్ చేసిండు, ఇప్పుడు రోజూ రాత్రి "వేలు చూపెట్టిండా" అని అడుగుతుండు.

ఇందూరు అన్నా, ఒక్కటి చెప్పు. బేరా పొద్దున పదింటికి అన్నరు. పరీక్ష ముందల పెరుగన్నం పెట్టొచ్చా, లేకపోతే ఉపాసం తీసుకపోవాల్నా?

ఇందూరు నాన్న:

అది వాళ్లనే అడగాలె చెల్లె, నిద్ర మందు తాగిస్తరు గనుక ఎన్ని గంటల ముందుదాంక పెట్టొచ్చో వాళ్లే చెప్తరు. చీటీ మీద నంబర్ ఉంటది, రేపే ఫోన్ చెయ్యి. వెనుకకు వచ్చేటప్పుడు వానికి మత్తు ఉంటది, నడిపియ్యకు, ఎత్తుకునేటందుకు ఇంకొకరు తోడుండాలె. పెరుగన్నం డబ్బాల పెట్టుకపో, లేవంగనే ఆకలైతది. తల మీద జిగురు అంటుకుంటది, ఇంటికొచ్చినంక గోరువెచ్చని నీళ్లతోని కడిగితే పోతది.